చెయ్యెత్తితే అందేంత వరకు

తెరచాపలు కుట్టే కొట్టులోకి ఎవరూ చెప్పులతో రారు. నేలంతా చెక్క. దాని మీద పరిచిన గుడ్డ ఒక్కోసారి నలభై అడుగుల పొడవుంటుంది. మోకాళ్ళ మీద జరుగుతూ కుట్టాలి. ఒక్క మేకు తల పైకి లేచి ఉన్నా గుడ్డ చిరుగుతుంది. అందుకని వారానికోసారి మేస్త్రీ అరచేత్తో నేలంతా తడిమి చూస్తాడు, జ్వరం చూసినట్టు.

ఆ కొట్టులో ముప్పై ఏళ్ళు పనిచేసిన ఆమెను చిన్నవాళ్ళు మైనం అక్క అనేవారు. పెద్దవాళ్ళు ఉత్త మైనం అనేవారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉండేది. ఆ పేరుతో పిలిస్తే ఆమె తలెత్తేది కాదు.

పేరు పెట్టింది తండ్రి. అదే కొట్టులో పాత మేస్త్రీ ఆయన. చాప కుట్టే దారానికి ముందు మైనం పట్టించాలి. ముద్ద మీద రెండుసార్లు లాగితే చాలు. మైనం పట్టిన దారంలోకి ఉప్పునీరు దిగదు. పట్టని దారం నీళ్ళు తాగుతుంది, ఉబ్బుతుంది, ఆరుతుంది, మళ్ళీ తాగుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది. లోపల కుళ్ళిపోతుంది. ఎనిమిది నెలలకో ఏడాదికో గట్టి గాలి ఒకటి వస్తుంది. కుట్టు పైనుంచి కిందికి విడిపోతుంది.

పదేళ్ళప్పుడు ఆమె మొదటిసారి ఒక పడవ చాపకు పట్టీ అతికింది. కుట్లు పలువరుసలా పడ్డాయి. తండ్రి వంగి చూశాడు. గోటితో గీకాడు. గోరు వాసన చూశాడు.

"బాగుందే తల్లీ. మైనం ఏది?"

మరిచిపోయింది. మొత్తం విప్పించాడు. మర్నాడు మళ్ళీ మరిచిపోయింది. మూడోసారి ఆయన కోప్పడలేదు. మైనం అని పిలవడం మొదలుపెట్టాడు, పిలిచినప్పుడల్లా అయినా గుర్తొస్తుందని.

ఆమెకొక తమ్ముడు. చిన్నప్పుడు కాలు విరిగి వంకరగా అతుక్కుంది. నడిస్తే ఒక అడుగు బరువుగా, ఒక అడుగు తేలిగ్గా పడేది. వాణ్ణి తండ్రి కొంగ అనేవాడు. తల్లి లేని ఇల్లు అది. రెండు గదులు, వాటి నిండా గుడ్డ పీలికలు. అక్కాతమ్ముళ్ళు రోజంతా కొట్లాడుకునేవారు. ఒకే గిన్నెలో తినేవారు.

ఆమెకు ఇరవై రెండేళ్ళప్పుడు, తమ్ముడికి పంతొమ్మిదప్పుడు, గంట నడకలో ఉన్న చిన్న రేవు నుంచి కబురొచ్చింది. చేపల పడవ చాప చిరిగింది, వచ్చి కుట్టమని. ఇద్దరూ వెళ్ళారు. ఇసుక మీద చాప పరిచారు. తమ్ముడు సంచి కుమ్మరించాడు.

"మైనం ఏదక్కా?"

ఆమె సంచి లోపలి మడతలు కూడా తిప్పి చూసింది.

"ఇలా అయితే ఏదో ఒక రోజు నన్ను కూడా ఎక్కడో మరిచిపోతావు."

"నోరు ముయ్యరా. వెళ్ళి తెస్తాను."

"నేను వెళ్తాలే."

"నీ కొంగ నడకకి పొద్దుగూకుతుంది. పాత కుట్లు విప్పుతూ కూర్చో."

ఆమె తిరిగి వచ్చేసరికి రేవులో మనిషి లేడు. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. సగం విప్పిన చాప, పక్కన కత్తెర. నీటి అంచున ఇసుక అంతా తొక్కి, ఈడ్చి ఉంది. దూరంగా రెండు చాపలు చిన్నవవుతున్నాయి. ఆ రోజు ఓడదొంగలు పదకొండు మందిని పట్టుకుపోయారు. అమ్మడానికి కొందరిని, పనికి కొందరిని.

ఆమె చేతిలో మైనం ముద్ద ఉంది. వేడికి మెత్తబడి వేళ్ళ గుర్తులు పడ్డాయి. దాన్ని ఆమె తర్వాత వాడలేదు. పారెయ్యనూ లేదు.

మరిచిపోవడం వల్ల తను మిగిలింది. ఈ మాట ఆమెతో ఎవరూ అనలేదు. తండ్రి అసలే అనలేదు. రెండేళ్ళు రోజూ పొద్దున్నే రేవుకి వెళ్ళి నిలబడి వచ్చేవాడు. మూడో ఏడు పోయాడు. ఆమె ఆయన చోట్లో కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకు, "వాడు రానీండి" అనేది. కొన్నాళ్ళకు ఎత్తడం మానేశారు.

ఐదో ఏడు నౌకాదళం ఓడదొంగల మీద యుద్ధానికి దిగింది. ఆ దండయాత్రలకు పుస్తకాల్లో తేదీలు ఉంటాయి. కొట్టులో వాటిని చిరుగులతో గుర్తుపెట్టుకున్నారు. మొదటి ఏడాది ఓడలు గుండ్రటి చిరుగులతో వచ్చాయి, అవి ఫిరంగి గుండ్లవి. రెండో ఏడాది పొడుగు చిరుగులతో వచ్చాయి, అవి గాలివి. దొంగల రేవు దాకా వెళ్ళి లోపలికి పోలేక తిరిగొచ్చిన ఏడాది చాపలకు చిరుగులే లేవు. ఆ ఏడాది నావికులు ఎవరి కళ్ళలోకీ చూడలేదు.

అప్పుడప్పుడు దొంగ ఓడ ఒకటి దొరికేది. దాన్ని మన రేవుకి లాక్కొచ్చేవారు. గుమాస్తా మెట్ల మీద నిలబడి రెండు జాబితాలు చదివేవాడు. ఓడ అడుగున తాళం వెనక దొరికినవాళ్ళు ఒక జాబితా. వాళ్ళు బందీలు, ఇళ్ళకు పంపుతారు. ఓడ పైన దొరికినవాళ్ళు రెండో జాబితా. వాళ్ళు దొంగలు. నియమం చిన్నది, గుమాస్తాకు తేలిక. దొంగల్లో పెద్ద తలకాయలను ఉరితీయరు. వాళ్ళ రేవులో మన నావికులు చెరలో ఉన్నారు కాబట్టి మనిషికి మనిషిని మార్చుకుంటారు. ఉరి చిన్నవాళ్ళకే.

నాలుగేళ్ళు ఆమె మొదటి జాబితా విని ఇంటికి వెళ్ళేది. రెండోది ఎప్పుడూ వినలేదు.

తొమ్మిదో ఏడు ఒక పెద్ద దొంగ ఓడ దొరికింది. దాని అడుగున అరవై మంది. ఆమె అన్ని పేర్లూ విన్నది. వెనుదిరిగింది. నాలుగు అడుగులు వేసేసరికి వెనక చెక్క వంతెన మీద దొంగలను దింపుతున్న చప్పుడు వచ్చింది. ఆ గుంపు నడకలో ఒక నడక. బరువు, తేలిక. బరువు, తేలిక.

ఆమె ఆ గుంపులోకి దూసుకుపోబోయింది. ఎవరో మోచెయ్యి పట్టుకున్నారు.

దొంగలను ఉప్పు గోదాములో పెట్టారు. ఆమె ఊచల దగ్గరకు వెళ్ళింది. తమ్ముడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. కాళ్ళకు మంచి చెప్పులున్నాయి. పక్కన వాళ్ళ సరంగు, ఆ ఓడకు పెద్ద, పొడుగ్గా, పరుపు మీద కూర్చున్నట్టు సుఖంగా కూర్చున్నాడు.

"ఒరే."

తమ్ముడు లేచి వచ్చాడు. ఊచలు పట్టుకోలేదు. ఆమె ముఖం కేసి ఒక్క క్షణం చూసి తల దించాడు.

"ఇంటికి వెళ్ళక్కా. నా గురించి ఎవరితోనూ ఏం మాట్లాడకు."

వెనక్కి వెళ్ళి సరంగు పక్కనే కూర్చున్నాడు.

మర్నాడు విచారణ. అదే గోదాములో ఒక బల్ల, బల్ల వెనక నౌకాదళపు విచారణ అధికారి. మనిషి చిన్నవాడే. ముక్కు దిబ్బడేసి ఉంది. ప్రతి మాటకూ రుమాలు తీసేవాడు. దొంగలందరూ వరసగా గోడ పక్కన కూర్చుని వింటున్నారు.

అడుగున దొరికినవాళ్ళలో ఒకావిడ సాక్ష్యం చెప్పడానికి వచ్చింది. చేపలు ఎండబెట్టే పల్లె మనిషి. ఆమెతో పాటు పట్టుకొచ్చిన అత్తగారు దారిలోనే పోయింది.

"మాకు ముఖాలు కనపడవయ్యా. పైన తలుపు మూసేవారు. అడుగులే వినపడతాయి. నలభై రోజులు వినడమే మా పని. ఈయన అడుగు నాకు తెలుసు. ఒకటి బరువు, ఒకటి తేలిక. నా తలమీదే తిరిగేవాడు. కాలికి గొలుసు లేదు. గొలుసుంటే చప్పుడు వేరేగా ఉంటుంది. నా కాలికి ఉంది, నాకు తెలుసు."

అధికారి తమ్ముడి వైపు తిరిగాడు.

"ఆవిడ చెప్పింది నిజమా?"

"నిజం."

"నిన్ను ఎత్తుకుపోయారా, నువ్వే చేరావా?"

సరంగు నవ్వాడు.

"మా చాపలన్నీ వాడివేనయ్యా. మాతో తింటాడు, మాతో పడుకుంటాడు. మావాడే."

మైనం ముందుకొచ్చింది. ఇతను నా తమ్ముడు, ఫలానా రేవులో ఫలానా రోజు పట్టుకుపోయారు అని చెప్పింది. అధికారి ఓపిగ్గా విన్నాడు.

"తమ్ముడే, నమ్ముతానమ్మా. పట్టుకుపోయారనీ నమ్ముతాను. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఏం చేశాడన్నదే ప్రశ్న. అది అతనే చెప్పాలి. ఎల్లుండి తీర్పు రాస్తాను."

ఆ మధ్యాహ్నమే దొంగ ఓడ చాపలు కొట్టుకు వచ్చాయి. పెద్దది ఒకటి, చిన్నది ఒకటి. పెద్దది నడిమి కుట్టు వెంబడి నిలువునా విచ్చుకుని ఉంది. విప్పి పనికొచ్చే గుడ్డ తీసుకోమని ఆజ్ఞ.

"దొంగ చాపైనా గుడ్డ గుడ్డే" అన్నాడు మేస్త్రీ. "కూర్చో మైనం. చేతికి పని ఉంటే మనసు కాస్త కుదురుతుంది."

ఆమె పెద్ద చాప మీద కూర్చుని కుట్టు లాగింది. కత్తెర పెట్టకుండానే దారం పొడిపొడిగా ఊడి వచ్చింది. మరో కుట్టు లాగింది. అదీ అంతే. అంత దుఃఖంలోనూ ఆమెకు ముందు వచ్చింది సిగ్గు. నాన్న చేతిలో నేర్చుకున్నవాడు ఇలా కుట్టాడా. పక్కవాళ్ళు చూడకుండా దారం ఒళ్ళో దాచుకుంది. గోటితో గీకింది. మైనం లేదు. పీచు.

చాప కింది అంచు దగ్గరకు జరిగి అక్కడ గీకింది. గోరు కింద మెత్తగా, పచ్చగా మైనం వచ్చింది.

మళ్ళీ పైకి. పీచు. మళ్ళీ కిందికి. మైనం.

రెండింటి మధ్య ఎక్కడ మారుతుందో వెతికింది. దొరికింది. పక్క కుట్టులో చూసింది. అదే ఎత్తు. ఆ పక్క కుట్టులో. అదే ఎత్తు. చాప ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గీత గీసినట్టు ఒకే చోట మైనం ఆగిపోయింది. ఆమె లేచి ఆ చాప పక్కనే వెల్లకిలా పడుకుంది, పాదాలు చాప కింది అంచుకు కాస్త దిగువగా పెట్టి, ఓడ మీద నిలబడినట్టు. చెయ్యి పైకి చాచింది. వేళ్ళ చివర ఆ గీతకు కాస్త కిందగా ఆగింది.

మేస్త్రీ వచ్చి పైనుంచి చూశాడు.

"ఒంట్లో బాగాలేదా?"

"మీరు పడుకోండి మేస్త్రీ గారూ."

"ఏమిటీ?"

"నా పక్కన పడుకుని చెయ్యెత్తండి. మీరు మగమనిషి, పొడుగు."

కొట్టులో అందరూ కుట్టడం ఆపారు. మేస్త్రీ తలపాగా తీసి పక్కన పెట్టి పడుకున్నాడు. చెయ్యి చాచాడు. వేళ్ళు సరిగ్గా గీత మీద ఆగాయి. ఆమె అక్కడ గీకి చూపించింది. ఆయన కాసేపు లేవలేదు. కప్పు కేసి చూస్తూ ఉండిపోయాడు.

చాప ఎత్తాక సరంగు చెయ్యి ఎంతవరకు అందుతుందో అంతవరకే మైనం ఉంది. ఎంత అనుమానపు మనిషైనా గోరు పెట్టి చూడగలిగింది అంతే.

"ఆ చిన్న చాప తే" అన్నాడు మేస్త్రీ.

చిన్నది తుఫాను చాప. దాని కుట్లన్నీ గీకారు. కింద, నడుమ, పైన. అన్నిచోట్లా మైనం.

ఆమె లేచి పరుగు తీయబోయింది. గోదాముకి వెళ్ళి బల్ల మీద ఈ గుడ్డ పడేసి అందరి ముందూ చెప్పాలని. మేస్త్రీ పిలిచాడు.

"ఆగు. ఇది చూడు. ఈ కుట్టు ఎడమకి వాలింది. ఇది పొట్టి కుట్టు, చెయ్యి వణికే మనిషిది. ఇదిగో, ఇది మీ నాన్న కుట్టు, అంటే నీ తమ్ముడిది. ఈ చాపలో మూడు చేతులున్నాయి. ముగ్గురూ ఒకే చోట మైనం మానేశారు."

ఆమె ఆగింది. పట్టుబడ్డవాళ్ళలో చాప పనివాడు తమ్ముడొక్కడే; ఆ ఇంకో ఇద్దరూ ఇక్కడ లేరు. దొంగల రేవులోనే కూర్చుని ఇవాళ కూడా ఏదో చాప కుడుతూ ఉంటారు. సరంగు వారంలోనో నెలలోనో మారకం మీద అక్కడికి తిరిగి వెళ్తాడు. ఇక్కడ ఏది విన్నా వెంట పట్టుకెళ్తాడు.

ఎవరితోనూ ఏం మాట్లాడకు.

మేస్త్రీ అధికారికి కబురు పంపాడు, పట్టుకున్న చాపల విషయంలో సంతకం కావాలని. ఆయన సాయంత్రం వచ్చాడు. గుమ్మంలో బూట్లు విప్పమంటే విసుక్కున్నాడు. మేజోడుకి పెద్ద చిల్లు. బొటనవేలు బయటికి చూస్తోంది.

"ఆ మేజోడు ఇలా ఇవ్వండి, రెండు కుట్లు వేసేస్తాం" అన్నాడు మేస్త్రీ.

"సంతకం ఎక్కడ?"

సంతకం లేదు. ఆమె చూపించింది. ఆయన వంగాడు, గీకాడు, తుమ్మాడు. వాసన తెలియడం లేదన్నాడు. వేళ్ళతో రుద్ది చూశాడు.

"చేతకాని పని కావచ్చు కదా."

"చేతకానివాడైతే రెండు చాపలూ పాడయ్యేవయ్యా. ఈ చిన్నది చూడండి."

"చిన్నదాన్ని ఎందుకు వదిలాడు?"

"తుఫానులో పెద్దది దింపేసి దీన్ని ఎత్తుతారు" అన్నాడు మేస్త్రీ. "ఓడను బోర్లా పడకుండా పట్టుకునేది ఇదే. ఇది పోతే ఓడ పోతుంది. అడుగున గొలుసుల్లో ఉన్నవాళ్ళు అందరికంటే ముందు పోతారు."

"పెద్దది పారిపోవడానికి" అంది ఆమె. "చిన్నది బతకడానికి."

ఆయన పెద్ద చాప విచ్చుకున్న చోట మోకాళ్ళ మీద కూర్చున్నాడు. విడిపోయిన అంచు వేలితో తడిమాడు.

"సగం రోజు మాకు అందకుండా పరిగెత్తింది ఆ ఓడ. ఇక వదిలేద్దామనుకుంటుంటే ఈ చాప పోయింది. ఫిరంగి తగిలిందని మావాడొకడు ఒట్టేసి మరీ చెప్పాడు."

"ఫిరంగి చిరుగు గుండ్రంగా ఉంటుందయ్యా. మీకన్నా మాకే ఎక్కువ తెలుసు అవి."

"మరి ఈ మాట అతనే ఎందుకు చెప్పడు?"

మేస్త్రీ మూడు చేతుల కుట్లూ చూపించాడు. ఆయనకు రెండోసారి చెప్పనక్కరలేకపోయింది. రుమాలు తీసి ముఖం అంతా తుడుచుకున్నాడు.

"దీన్ని నేను పుస్తకంలో రాయలేను."

"రాయొద్దు."

"రాయకుండా వదలాలంటే నాకొక కారణం కావాలి. నలుగురూ నమ్మే కారణం. సరంగు నవ్వుకునే కారణం." ఆమె కేసి చూశాడు. "మీకు ఏడవడం వచ్చా?"

ఆమెకు అర్థం కాలేదు.

"ఎల్లుండి వచ్చి ఏడవండి. అక్క కాళ్ళ మీద పడి ఏడ్చింది, కుంటివాడు, ఎందుకొచ్చిన పీడ అని వదిలేస్తాను. మేం ఇంత మెతకగాళ్ళమని వాడు వాళ్ళ ఊళ్ళో చెప్పుకోవాలి."

ఆయన బూట్లు వేసుకుని వెళ్ళాక మేస్త్రీ అన్నాడు, "తొమ్మిదేళ్ళలో నువ్వు ఏడవగా నేను చూడలేదు. అదీ కుట్టుపని లాంటిదే, చెయ్యి తిరగాలి. ఓ ఉల్లిపాయ పట్టుకుపో."

ఆమె నిజంగానే కొంగులో ఉల్లిపాయ కట్టుకుని వెళ్ళింది. అక్కర్లేకపోయింది. బల్ల ముందు వంగి, వాణ్ణి నాకిచ్చెయ్యండయ్యా అని అనుకున్న మాటలు మొదలుపెట్టింది. సగంలో గొంతు తన మాట వినడం మానేసింది. మైనం ముద్ద సంగతి చెప్పింది. గంట నడక సంగతి చెప్పింది. వాణ్ణి మరిచిపోయి వచ్చానని చెప్పింది. ఇవేవీ చెప్పాలని రాలేదు. అధికారి చాలించమని సైగ చేశాడు, రెండోసారి చేశాడు. ఆమె ఆపలేకపోయింది.

సరంగు నవ్వాడు. గోడ పక్కనున్న దొంగలందరూ నవ్వారు.

సాక్ష్యం చెప్పినావిడ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు. నలభై రోజులు చీకట్లో విని, బయటికి వచ్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఒక అక్క ఏడుపు దాన్ని కొట్టేసింది. ఆవిడ ముఖం తిప్పుకుని వెళ్ళిపోయింది. మైనం అది చూసింది.

రిజిస్టరులో ఆ రోజు రాసింది ఇంతే: అక్క గుర్తుపట్టింది. అవిటివాడు. విడిచిపెట్టడమైనది.

ఇద్దరూ ఇంటికి నడిచారు. బరువు, తేలిక. ఆమె నడక తగ్గించింది.

"ఏం చెప్పావక్కా?"

"ఏమీ చెప్పలేదు. ఏడ్చాను."

"ఎవరికైనా తెలుసా?"

"ముగ్గురికి. కొట్టు వాళ్ళు చూశారు గానీ, మేస్త్రీ వాళ్ళ నోళ్ళు కుట్టేశాడు."

మలుపు దాకా వచ్చాక అన్నాడు, "ఇద్దరు ముసలాళ్ళున్నారు అక్కడ. చాప పని బొత్తిగా రాదు వాళ్ళకి. నేనే నేర్పాను. మైనం పెట్టడమూ, మానడమూ."

"ఎవడు చెప్పాడు నీకు, అలా మానేస్తే కుళ్ళుతుందని?"

"నీ దగ్గర నేర్చుకున్నదే."

ఆమె వీపు మీద ఒక్కటి చరిచింది. తొమ్మిదేళ్ళ తర్వాత తమ్ముణ్ణి ముట్టుకోవడం అదే మొదలు.

వాడు కొట్టులో చేరాడు. మొదటి రోజే అల్మారాలో ఉన్న వేళ్ళ గుర్తుల మైనం ముద్ద తీసుకుని దారానికి పట్టించాడు. ఆమె వద్దనబోయి ఊరుకుంది. నెలలో అయిపోయింది.

సాక్ష్యం చెప్పినావిడ తిరిగి తన పల్లెకు వెళ్ళలేదు. పల్లె లేదు. దొంగలు కాల్చేశారు. పక్క వీధి తాళ్ళ కొట్టులో పనికి కుదిరిందని మేస్త్రీ చెప్పాడు. చాప అంచులకు కుట్టే తాళ్ళు ఆ కొట్టు నుంచే వస్తాయి. రెండు రోజులకోసారి ఆవిడే కట్ట మోసుకొచ్చేది. గుమ్మం బయట దించేది. లోపల ఆ నడక వినపడితే కట్టను దించీ దించకుండానే వెళ్ళిపోయేది.

"ఇవాళ చెప్పేస్తానురా ఆవిడకి."

"ఆ ముసలాళ్ళు రానీ అక్కా."

"రాకపోతే?"

వాడు దారం కొరికి తెంపాడు.

ఈ మాటే మూడేళ్ళు. రోజూ కాదు గానీ, కట్ట వచ్చిన ప్రతిసారీ.

తమ్ముడు తిరిగొచ్చిన మూడో ఏడు నౌకాదళం దొంగల రేవు లోపలికి వెళ్ళింది. ఆ యుద్ధం గురించి పుస్తకాల్లో చాలా ఉంటుంది. ఏ ఓడ ముందు వెళ్ళింది, ఏ కోట పడింది. వాళ్ళ ఓడలు రెండు రేవు దాటి పారిపోబోయి చాపలు విచ్చుకుని నిలిచిపోయాయని ఒక వాక్యం ఉండవచ్చు. గాలి ఎక్కువగా ఉందని ఉంటుంది. మూడు వందల మంది బందీలు విడుదలయ్యారు.

వాళ్ళలో ఒక ముసలాయన రేవులో దిగి, చాపల కొట్టు ఎక్కడని అడుగుతూ వచ్చాడు. తమ్ముడు గుమ్మం దాకా కుంటుతూ పరిగెత్తాడు. ముసలాయన వాడి చెవులు రెండూ పట్టుకుని చూశాడు.

"రెండో తాత?"

"పోయినేడు. జ్వరం. మంచం మీదే పోయాడు, వాళ్ళ చేతిలో కాదు."

తమ్ముడు నేల మీద కూర్చుండిపోయాడు.

ముసలాయనకు ఊరూ లేదు, అడిగేవాళ్ళూ లేరు. వారం తిరిగేసరికి కొట్టులోనే ఒక మూల కూర్చున్నాడు. వణికే చేతికి పొట్టి కుట్టే వస్తుంది. పర్లేదు, గట్టి కుట్టే అన్నాడు మేస్త్రీ. మైనం అతని ముందు కొత్త చాప పరిచి, సూది, దారం, ముద్ద పెట్టింది. ముసలాయన దారం తీసుకున్నాడు. ముద్ద తీసుకున్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఇక్కడ పైదాకా పెట్టాలా?"

"ఏంటి తాతా?"

"మైనం. పైదాకానా, చెయ్యెత్తితే అందేంత వరకేనా?"

మేస్త్రీ ముందు నవ్వాడు. తర్వాత తమ్ముడు. ముసలాయనకు ఎందుకు నవ్వుతున్నారో తెలియక, ఆయనా నవ్వాడు.

గుమ్మంలో తాళ్ళ కట్టతో ఆవిడ నిలబడి ఉంది.

"ఏమిటది?" అంది. మూడేళ్ళలో ఆ గుమ్మం దగ్గర ఆవిడ మాట్లాడడం అదే మొదలు. "చెయ్యెత్తడం ఏమిటి?"

మైనం లేచి వెళ్ళింది. చెప్పింది. ఏదీ దాచలేదు. ఏడుపు సంగతి, అధికారి అడిగిన సంగతి, ఆవిడ ముఖం తిప్పుకోవడం తను చూసిన సంగతి. కట్ట నెత్తి మీదే పెట్టుకుని ఆవిడ అంతా విన్నది. తర్వాత తమ్ముడి కేసి తిరిగింది.

"నలభై రోజులు నా తలమీద నడిచావు. అది అబద్ధం కాదు."

"కాదు" అన్నాడు తమ్ముడు.

"మా అత్త పోయింది."

"తెలుసు. నేను పైనే ఉన్నాను."

ఆవిడ కట్ట దించింది. నెత్తి మీది చుట్టగుడ్డ తీసి చేతిలో నలిపింది.

"దారిలో తుఫాను వచ్చింది. రెండు రోజులు. పైన ఏదో గుడ్డ కొట్టుకుంటూనే ఉండేది. ఆ చప్పుడు ఆగిందంటే మనం అయిపోయినట్టే అంది మా అత్త. ఇద్దరం దాన్నే వింటూ కూర్చున్నాం. ఆగలేదు." లోపలికి చూస్తూ అడిగింది. "ఆ చాప ఉందా?"

ఉంది. దేనికీ సరిపోని కొలత అని మేస్త్రీ పై అరలో పడేశాడు. దించి పరిచారు. దుమ్ము లేచింది.

ఆవిడ చెప్పులు గుమ్మం బయట విప్పింది. లోపలికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. ఎక్కడ గీకాలో మైనం చూపించింది. ఆవిడ కింది అంచు నుంచి మొదలుపెట్టింది. తాళ్ళు పేనిన వేళ్ళు, గోళ్ళు అరిగిపోయి ఉన్నాయి. గీకుతూ జరిగింది. నడుమ దాకా. ఇంకా పైకి. చివరి కుట్టు దాకా జరిగి, అక్కడా గీకి, గోరు వాసన చూసింది.

"పైదాకా ఉంది" అంది.

లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. రెండు రోజుల తర్వాత వచ్చినప్పుడు తాళ్ళ కట్టను గుమ్మం లోపల దించింది.